'అతీత పదార్థం' అనవచ్చా?

సందేహం: నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను సార్. మెటామెటీరియల్స్ మీద తెలుగులో పాఠం రాస్తూ 'అతీత పదార్థాలు' అన్నాను. మంత్రాల కథలా ఉందన్నారు పిల్లలు. మైక్రోవేవ్‌కు 'సూక్ష్మ తరంగం', నెగటివ్ ఇండెక్స్‌కు 'ప్రతికూల వక్రీభవన గుణకం' అని రాశాను. ఇవైనా సరైనవేనా?

సమాధానం: పిల్లల చెవి బాగానే పట్టింది. గ్రీకు 'మెటా'కు 'దాటినది' అనే అర్థం ఉంది కాబట్టి మీరు 'అతీత' అన్నారు. కానీ ఆ మాట ముందు నిలిస్తే మనకు అతీత శక్తులే గుర్తొస్తాయి. వెనక పెట్టి 'పదార్థాతీతం' అంటే అసలు పదార్థమే కాదన్నట్టు అవుతుంది. ఇక్కడ ఉన్నదేమో మామూలు రాగి, ఫైబర్‌గ్లాస్ బోర్డు. గుణమంతా అమరికది. మీ పుట్టపాక చీరలో పువ్వు నూలుతో రాదు, రంగు అద్దే ముందు నూలుకు చిటికి (ముడి) కట్టిన వరుసతో వస్తుంది. 'మెటామెటీరియల్' అనే ఉంచండి. మొదటిసారి వచ్చిన చోట 'అమరిక వల్ల కొత్త గుణం వచ్చిన పదార్థం' అని ఒక్క ముక్క చెప్పండి.

'సూక్ష్మ తరంగం' వాడుకలో ఉన్నదే, తప్పనను. ఈ పాఠంలో మాత్రం అడ్డం వస్తుంది. 10 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. రేడియో తరంగాల పక్కన చిన్నదే గానీ కంటికి ఆననంత సూక్ష్మం కాదు. డిజైన్ అంతా ఈ కొలత మీదే ఆధారపడింది. అమరికలో పదేపదే వచ్చే ఒక్కో గడి తరంగం పొడవు కన్నా బాగా చిన్నదైతే తరంగానికి గడులు విడిగా తెలియవు, అంతా ఒకే పదార్థంలా తోస్తుంది. 2001లో శాన్ డియాగోలో డేవిడ్ స్మిత్ బృందం ప్రయోగంలో గడి 5 మిల్లీమీటర్లు. ఆ కొలతలో రాగి వలయాలను సర్క్యూట్ బోర్డు మీదే తయారు చేయవచ్చు. వెలుగు కన్నా ముందు మైక్రోవేవ్‌లలో ఇది సాధ్యమైంది అందుకే.

చీలిన రాగి వలయంలో (స్ప్లిట్ రింగ్) చుట్టు ఇండక్టర్‌లా, చీలిక కెపాసిటర్‌లా పనిచేస్తాయి, రెండూ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర బలంగా స్పందిస్తాయి. ఆ అనునాద పౌనఃపున్యానికి కాస్త పైన పెర్మియబిలిటీ, అంటే అయస్కాంత క్షేత్రానికి పదార్థం స్పందించే కొలత, సున్నా కిందికి దిగుతుంది. సన్నని తీగల వరుస పెర్మిటివిటీని, అంటే విద్యుత్ క్షేత్రానికి స్పందించే కొలతను, అలాగే దింపుతుంది. రెండూ ఒకే పౌనఃపున్యం దగ్గర కుదరాలి, కష్టమంతా అక్కడే. కుదిరితే వక్రీభవన గుణకం, అంటే కిరణం ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య, మైనస్ అవుతుంది. రష్యన్ శాస్త్రవేత్త వెసెలాగో 1960లలోనే లెక్కగట్టి చెప్పిన సంగతి ఇది.

దీన్ని 'ప్రతికూల' అనవద్దు. వాతావరణం ప్రతికూలం, తీర్పు ప్రతికూలం. లెక్కల్లో మైనస్‌కు మనకు 'రుణ' ఉంది, 'రుణ వక్రీభవన గుణకం' అనండి. కిరణం వంగకపోవడం కాదు ఇది. వంగుతుంది, కానీ లంబం దాటి అవతలికి పోకుండా వచ్చిన వైపే ఉండిపోతుంది. ఈ మాట పాఠంలో తప్పక రాయండి.

స్ప్లిట్ రింగ్‌కు మాత్రం 'చీలిక వలయం' హాయిగా వాడుకోండి. బోర్డు మీద పిల్లలు చూసేది అదే.