మేనకోడలికి ఉత్తరం: పేరున్న కాలేజీ, పాతిక లక్షల అప్పు

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు ఎంబీఏ అడ్మిషన్ లెటర్లూ చూశాను. ఒకటి దేశమంతా పేరున్న కాలేజీ, హాస్టల్‌తో కలిపి 25 లక్షలు. రెండోది భువనేశ్వర్‌ది, 9 లక్షల్లో అయిపోతుంది. రాయగడలో మిల్లు ల్యాబు వదిలి ఫైనాన్స్ వైపు వెళ్తానన్నావు. వెళ్లు. ఇరవై తొమ్మిదేళ్లకి దారి మార్చుకోవడం ఆలస్యమేమీ కాదు. ఏ కాలేజీ అన్న దగ్గరే నాకు బెంగ.

ఇన్నేళ్లూ బ్యాంకులో లోన్లు చూసినవాణ్ణి, లెక్కతోనే మొదలుపెడతాను. 25 లక్షల అప్పు రెండేళ్లలో సగం సగం తీసుకున్నావనుకో. వడ్డీ నూటికి ఏడాదికి పది. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదంటారు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. వాయిదాలు మొదలయ్యే నాటికి ఆ అప్పు 31 లక్షల 25 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 41,300. ఈ రెండేళ్లూ నువ్వు పోగొట్టుకునే జీతం బ్యాంకు కాగితంలో ఎక్కడా కనపడదు. నీ 40 వేల చొప్పున అదే 9 లక్షల 60 వేలు.

నేను గంజాం వైపు బ్రాంచిలో ఉండగా ఒక తండ్రి వచ్చాడు. పాత బిస్కెట్ల డబ్బాలోంచి ఇంటి పట్టా తీశాడు, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. పట్టా ఒడియాలో ఉంది, తనఖా కాగితం మీద ఆయన తెలుగులో సంతకం పెట్టాడు, ఒక్కో అక్షరం దిద్దినట్టు. కొడుకు చేరిన కాలేజీ బ్రోచరులో పెద్ద ప్యాకేజీ అచ్చేశారు. కుర్రాడికి చివరికి చేతికొచ్చింది 38 వేలు, వాయిదా 27 వేలు. ఏడాది తిరక్కుండానే తండ్రి పింఛనులోంచి కట్టడం మొదలైంది. ఆ ఫైలు మంజూరు చేసినవాణ్ణి నేనే. నాకు ఆ కుర్రాడి మీద కోపం లేదు, ఆ బ్రోచరు అచ్చేసినవాళ్ల మీద ఇప్పటికీ ఉంది.

అలాగని పేరుకి విలువ లేదని చెప్పను. ఉన్న లైన్లోనే పైకి వెళ్లేవాళ్లకి అనుభవమే సిఫారసు. నీలా లైను మార్చేవాళ్లకి కొత్త చోట చెప్పుకోడానికి ఏమీ ఉండదు. అక్కడ కాలేజీ పేరే తలుపు తెరుస్తుంది. కొన్ని కంపెనీలు కొన్ని క్యాంపస్‌లకి తప్ప వెళ్లవు. నువ్వు కోరుకున్న ఉద్యోగం అలాంటి కంపెనీలోదే అయితే 25 లక్షలు పెట్టొచ్చు, నేను అడ్డు చెప్పను. పెద్ద కాలేజీ ఫీజూ, మామూలు కాలేజీ ఉద్యోగాలూ ఉన్న చోట్లే మనలాంటి ఇళ్లు మునుగుతాయి.

అందుకని ముందు బ్యాంకుని అడుగు. చదువు లోన్లకి బ్యాంకులు కాలేజీల జాబితాలు పెట్టుకుంటాయి. పేరున్న కాలేజీల జాబితాలో ఉంటే పెద్ద మొత్తమైనా తనఖా లేకుండా ఇస్తారు, వడ్డీ కూడా తగ్గుతుంది. లేకపోతే మామూలుగా ఏడున్నర లక్షలు దాటగానే ఆస్తి కాగితాలు అడుగుతారు. బ్యాంకు సొంత డబ్బు పెట్టి చెప్పే మాట అది, పత్రికల ర్యాంకుల కంటే నాకు దాని మీదే గురి. తర్వాత కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల పేజీలో ఆ కాలేజీ ఇచ్చిన వివరాలు తీసి మీడియన్ జీతం, అంటే అందరి జీతాలూ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది, చూడు. సగటు కాదు. పది మందికి కోటి చొప్పున వస్తే సగటు ఎగిరిపోతుంది, మీడియన్ కదలదు. చూసిన అంకె మామూలుగా సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు, అని కూడా మర్చిపోకు. పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ అన్నీ అందులోనే కలిపేస్తారు. చేతికొచ్చేదాంట్లో మూడో వంతుకి మించి వాయిదా ఉండకూడదు. అంటే 41,300 కట్టాలంటే నీకు నెలకి లక్షా పాతిక వేలు చేతికి రావాలి. వడ్డీ మీద ఎనిమిదేళ్లు పన్ను మినహాయింపు ఉంది గానీ పాత పన్ను విధానంలో ఉంటేనే. దాన్ని నమ్ముకుని అప్పు పెంచకు.

ఆ తర్వాత నీలాగే ఫ్యాక్టరీ నుంచి వెళ్లి అక్కడ చదివినవాళ్లు ఇద్దరితో మాట్లాడు. కాలేజీ వాళ్లు ఇచ్చే నంబర్లు వద్దు, నువ్వే లింక్డ్‌ఇన్‌లో వెతుక్కో. ఫైనాన్స్‌లోకి వెళ్లగలిగారా, మళ్లీ ప్లాంట్ ఉద్యోగమే ఇచ్చారా అని అడుగు. మొహమాటపడకు.

ఇంకో మాట, నీకు తోచినట్టు లేదు. నీకు తెలుగు, ఒడియా, హిందీ వచ్చు, సవర భాషలో సంతలో బేరం కూడా చేస్తావు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో గ్రామీణ రుణాలిచ్చే సంస్థలకి అలాంటి మనిషి దొరకడం కష్టం, ఆ కష్టం నేను బ్రాంచిలో పడ్డాను. నువ్వు వెళ్లాలనుకున్నది ఆ పనికే అయితే భువనేశ్వర్ చాలు. నీ దాచుకున్న 2 లక్షలు పెట్టి 7 లక్షలే అప్పు తీసుకుంటే తనఖా అక్కర్లేదు, వాయిదా 11,500 దగ్గర ఆగుతుంది. బొంబాయిలో పెద్ద డీల్స్ చెయ్యాలని ఉంటే ఆ మాట నాతో నేరుగా చెప్పు, అప్పుడు లెక్క వేరు.

మీ నాన్న ఫోన్ చేశాడు, ఇంటి పట్టా పెట్టేస్తానంటున్నాడు. బావకి నువ్వంటే ప్రాణం, అడిగితే కాదనడు. అందుకే నువ్వు అడగొద్దు. ఆదివారం బస్సెక్కి రా. బ్యాంకు చెప్పిన వడ్డీ, ఆ ఇద్దరూ చెప్పిన మాటలూ కాగితం మీద రాసి తెచ్చుకో. అత్త నీకోసం అరిసెలు వండి పెట్టింది.

మీ మావయ్య,
పర్లాకిమిడి