లోయరింగ్ దగ్గర ఆగిపోయాను.. కంపైలర్లు వదిలేయాలా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. సి++ బాగానే వచ్చు. కంపైలర్ల మీద ఇష్టంతో, వాటిని కట్టడానికి వాడే ఎంఎల్ఐఆర్ అనే ఫ్రేమ్‌వర్క్‌లోని టాయ్ ట్యుటోరియల్ మొదలుపెట్టాను. నాలుగు చాప్టర్లు సాఫీగా సాగాయి. ఐదో చాప్టర్‌లో లోయరింగ్ (పై స్థాయి కోడ్‌ను యంత్రానికి దగ్గరి స్థాయికి దించడం) అసలు బుర్రకెక్కట్లేదు. ఫ్రెండ్స్ అంతా ఏఐ వైపు వెళ్తుంటే టెన్షన్‌గా ఉంది. ఇది వదిలేసి అటు వెళ్లిపోవాలా?

జవాబు: వదిలేయొద్దు. మీరు ఆగిన చోట చాలామంది ఆగుతారు. మొదటి నాలుగు చాప్టర్లలో మీరు ఒకే డయలెక్ట్‌లో (ఒక స్థాయికి చెందిన ఆపరేషన్లు, టైపుల సమితి) ఉంటారు కాబట్టి కష్టం తెలియదు. ఐదో చాప్టర్‌లో రెండు స్థాయుల ఐఆర్ (కంపైలర్ లోపల వాడుకునే కోడ్ మధ్యంతర రూపం) పక్కపక్కనే ఉంటుంది. గుణకారం, ట్రాన్స్‌పోజ్ లాంటివి అఫైన్ లూపులుగా మారిపోతాయి. ప్రింట్ మాత్రం టాయ్‌లోనే మిగులుతుంది, కానీ దానికి అందేది టెన్సర్ (విలువల పట్టిక) అయితే కుదరదు, మెమ్‌రెఫ్ (మెమరీలోని బఫర్‌కు సూచిక) అయిపోవాలి. ఈ సగం సగం స్థితే తికమక పెడుతుంది.

ట్యుటోరియల్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టండి. లూపులు, ఇఫ్‌లు ఉండే ఎస్‌సీఎఫ్ డయలెక్ట్‌లో కొన్ని సంఖ్యలను కూడే చిన్న ఫర్ లూప్ రాసుకోండి. దాన్ని బ్లాకులు, బ్రాంచ్‌లతో నడిచే సీఎఫ్ డయలెక్ట్‌కు దించితే ఏమవుతుందో టూల్ నడపకముందే కాగితం మీద రాయండి. లూప్ విడిపోయి బ్లాకులవుతుంది. ఒక బ్లాకులో కౌంటర్‌ను హద్దుతో పోల్చి, బాడీలోకి వెళ్లాలా బయటికి వెళ్లాలా అని కండిషనల్ బ్రాంచ్ నిర్ణయిస్తుంది. బాడీ చివర కౌంటర్‌కు స్టెప్ కలిపి మళ్లీ పైకి దూకుతుంది. మరి ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు మోసుకెళ్లే మొత్తం ఏమైంది? అది బ్లాక్ ఆర్గ్యుమెంట్ (బ్లాకులోకి దూకేటప్పుడు దానికి అందించే విలువ) అయింది. ఎల్ఎల్‌వీఎం (ఎంఎల్ఐఆర్ భాగంగా ఉన్న కంపైలర్ ప్రాజెక్టు) ఐఆర్‌లో ఫై నోడ్ చేసే పనే ఇది. ఇప్పుడు ఎంఎల్ఐఆర్-ఆప్ట్ అనే టూల్ నడిపి, మీరు రాసినదాన్ని దాని పక్కన పెట్టి చూసుకోండి. తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే మీకు రావాల్సిన పాఠం ఉంది.

తర్వాత టైపుల సంగతి. మెమ్‌రెఫ్‌ను ఎల్ఎల్‌వీఎం స్థాయికి దించితే అది ఒట్టి పాయింటర్‌గా మిగలదు. రెండు పాయింటర్లు, ఒక ఆఫ్‌సెట్, సైజులు, స్ట్రైడ్‌లు ఉన్న స్ట్రక్ట్ అవుతుంది. ఒక ఆపరేషన్ మారి, దాని ఫలితాన్ని వాడుకునేది ఇంకా మారకపోతే, ఆ రెంటి మధ్య అన్‌రియలైజ్డ్ కన్వర్షన్ కాస్ట్ (తాత్కాలిక టైపు మార్పిడి) కనిపిస్తుంది. అది చివరిదాకా మిగిలిపోతే కొత్తవాళ్లు ఆ కాస్ట్‌నే తిట్టుకుంటారు. అసలు తప్పు దాని పక్కనే ఉంటుంది. ఏదో ఒక ఆపరేషన్‌కు ప్యాటర్న్ (దాన్ని మార్చే నియమం) లేదు, లేదా పాస్‌ల (మార్పు దశల) వరస తప్పింది. ఆపరేషన్‌ను లీగలైజ్ (అనుమతించిన రూపంలోకి మార్చడం) చేయలేకపోయానని ఎర్రర్ వచ్చినప్పుడు కూడా ఊహించుకుంటూ కూర్చోవద్దు. అసర్షన్లు (కోడ్‌లోని స్వీయ తనిఖీలు) ఆన్ చేసి బిల్డ్ చేసుకుని, డయలెక్ట్ కన్వర్షన్ డీబగ్ లాగ్ తీస్తే ఏ ప్యాటర్న్‌ను ప్రయత్నించింది, ఎక్కడ వెనక్కి తగ్గింది అన్నీ వరసగా చెబుతుంది. చాలా పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవాలి. నన్నడిగితే ఈ లాగ్ చదవగలిగినవాళ్లే ఈ పనికి సగం సిద్ధమైనట్టు.

ఇక ఏఐ గురించి. మీరు రెండు వేరు దారులు అనుకుంటున్నారు గానీ, ఎంఎల్ఐఆర్ పుట్టిందే ఆ అవసరంలోంచి. 2019లో గూగుల్ టెన్సర్‌ఫ్లో బృందం దాన్ని బయటికి తెచ్చింది. జీపీయూ కెర్నల్స్ (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) రాయడానికి వాడే ట్రైటన్ కంపైలర్ కూడా దానిమీదే నడుస్తుంది. మోడల్స్ తయారుచేసేవాళ్లు ఒకవైపు ఉంటే, వాటిని చిప్ మీద పరుగెత్తించే కంపైలర్ వాళ్లు ఇంకోవైపు ఉంటారు. ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీల్లో ఈ బృందాలు ఉన్నాయి. వెబ్ డెవలప్‌మెంట్‌తో పోలిస్తే ఖాళీలు తక్కువే, ఆ మాట దాచను. అందుకే క్యాంపస్ ఇంటర్వ్యూలకు అవసరమైన మామూలు ప్రిపరేషన్ మానొద్దు.

రెజ్యూమేలో కోర్సు సర్టిఫికెట్ల కంటే ఎల్ఎల్‌వీఎంలో మెర్జ్ అయిన ఒక్క చిన్న ప్యాచ్ ఎక్కువ పలుకుతుంది. గిట్‌హబ్‌లో కొత్తవాళ్ల కోసం 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తుపెట్టిన పనులుంటాయి. లోయరింగ్‌లో వదిలేసిన ఒక సందర్భాన్ని సరిచేసి, దానికి ఫైల్‌చెక్ (అవుట్‌పుట్‌ను సరిపోల్చే టూల్) టెస్ట్ జోడించడం మంచి మొదలు. రివ్యూలో నాలుగు సార్లు తిప్పి పంపినా మనసు కష్టపెట్టుకోకండి, అక్కడ అందరికీ అంతే. లాప్‌టాప్ ర్యామ్ తక్కువైతే ఎల్ఎల్‌వీఎం లింకింగ్ దగ్గర చతికిలపడుతుంది. మీకు కావాల్సిన టార్గెట్ (చిప్ రకం) ఒక్కటే ఎంచుకుని, రిలీజ్ మోడ్‌లో, అసర్షన్లు మాత్రం ఆన్‌లోనే ఉంచి, ఎల్ఎల్‌డీ లింకర్‌తో బిల్డ్ చేయండి.

సెమిస్టర్ చివరికి కూడా ఐఆర్ డంప్ చూడగానే విసుగే వస్తుంటే, కంపైలర్ టెస్టింగ్, పెర్ఫార్మెన్స్ ఇంజినీరింగ్ వైపు చూడండి. ఇప్పటిదాకా నేర్చుకున్నది అక్కడా అక్కరకొస్తుంది.