ప్రోనోటు గడువు దగ్గరపడింది, లాయరు ఫీజుకు ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: ప్రైవేటు బడిలో మహిళా టీచరుని. జీతం నెలకు రూ.22,000. తెలిసినావిడకు ప్రోనోటు మీద రూ.3 లక్షలు ఇచ్చాను. నోటు రాసి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఇంతవరకు అసలూ రాలేదు, వడ్డీ రాలేదు. ఒక లాయరు ముందుగా రూ.40,000, వసూలయ్యాక అందులో 15 శాతం అడుగుతున్నారు. నేనెప్పుడూ కోర్టుకు వెళ్లలేదు. ఉన్న ఒక్క రూ.60,000 ఎఫ్‌డీ తీసి ఇవ్వమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అంతకంటే ముందు నోటు మీది తేదీ చూడండి. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసే మామూలు ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లే. అంటే మీకు నాలుగు నెలలే మిగిలాయి. ఈలోగా ఆవిడ వెయ్యి రూపాయలు ఇచ్చినా సరే, నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించి సంతకం తీసుకోండి. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తాయి. నోటిమాటగా ‘ఇస్తానులే’ అంటే గడువు పెరగదు.

ఇక ఆ 15 శాతం. వసూలైన సొమ్ములో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. మొదటి భేటీలోనే వాటా అడిగే లాయరు దగ్గరకు రెండోసారి వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

మీకు అసలు ఫీజే అవసరం లేకపోవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. లాయరు ఫీజుతోపాటు కోర్టు ఫీజూ న్యాయ సేవాధికార సంస్థే భరిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి ఆధార్, నోటు నకలు పట్టుకుని వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఉచితమంటే పట్టించుకోరేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ సంస్థ కార్యదర్శి ఒక న్యాయాధికారి. కేటాయించిన లాయరు వాయిదాలకు రాకపోతే, మార్చమని ఆయనకే రాసివ్వవచ్చు. దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించమని అక్కడ అంటారు. మంచిదే. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో (తీర్పు మేరకు ఇచ్చే ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కాకపోతే ఆ పిలుపుల కోసం ఎదురుచూస్తూ మూడేళ్లు దాటనివ్వకండి.

ప్రైవేటు లాయరే కావాలనుకుంటే పేరున్న పెద్దవారి కోసం వెతకనక్కర్లేదు. మీ ఊరి సివిల్ కోర్టులో ప్రోనోటు దావాలు తరచూ వేసేవారు చాలు. ఇద్దరితో మాట్లాడండి, సలహాకు మాత్రమే ఫీజు ఇచ్చి. మొత్తం ఎంత అని కాకుండా నోటీసుకు, దావాకు, సాక్ష్యానికి, ఈపీకి (డిక్రీ అమలు కోరే పిటిషన్‌కు) విడివిడిగా ఎంతో అడగండి. కోర్టు ఫీజు, సమన్ల బత్తా (ఆవిడకు కోర్టు సమన్లు పంపే ఖర్చు), గుమాస్తా ఖర్చులు అందులో కలిశాయో లేదో కూడా. చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ఎంత ఖర్చు పెట్టవచ్చనేది ఆవిడ ఆస్తిని బట్టి తేలుతుంది. ఆవిడ పేరున ఇల్లో స్థలమో, క్రమంగా వచ్చే జీతమో ఉంటే డిక్రీతో జప్తు కోరవచ్చు. అప్పుడు దశలవారీగా రూ.25,000 వరకు పెట్టడం తప్పు కాదు. ఏమీ లేకపోతే సొంత డబ్బుతో దావా వేయమని నేను చెప్పను. ఉచిత సహాయంతో మాత్రం తప్పక వేయండి. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు ఉంది, ఈలోగా ఆవిడకు ఆస్తి కలిసిరావచ్చు.

సలహాకు వెళ్లినప్పుడు నోటు నకలే చూపండి. అసలు నోటును దావా వేసే రోజున మాత్రమే, అందినట్లు సంతకం తీసుకుని ఇవ్వండి.