పది మంది సంతకాలు

చిరంజీవి అమ్మాయికి పెద్ద మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రాబోయే శాసనసభ ఎన్నికల్లో మునుగోడు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలని నువ్వు నిశ్చయించుకున్నట్టు మీ అమ్మ ఫోనులో చెప్పింది. నిన్ను మాన్పించమని అడగడానికే ఆమె ఫోను చేసిందని నాకు అర్థమైంది గానీ, ఆ మాట నేను నీతో అనను. విన్న వెంటనే నాకు గర్వమే కలిగింది. భయం రాత్రి పడుకున్నాక మొదలైంది. నల్గొండ కోర్టులో వకీలుగా ఉన్నన్నాళ్లూ ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒక అభ్యర్థి కాగితాలు చూస్తూ వచ్చినవాణ్ని కనుక, నా భయాలన్నీ కాగితాల చుట్టూనే తిరుగుతాయి.

ఊరూరా తిరగాలని, మాట్లాడేదానికన్నా ఎక్కువ వినాలని, తీర్చలేని హామీ ఇవ్వకూడదని నీకు వేరే చెప్పనక్కరలేదు. గుర్తు విషయంలో మాత్రం, కంటిచూపు తగ్గిన అవ్వ కూడా తేలికగా పోల్చుకోగలిగినదాన్నే కోరుకో.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి, నామినేషన్ పత్రం మీద అతని పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసే ప్రతిపాదకుడు ఒక్కడు చాలు. నీకు పది మంది కావాలి, ఆ పది మందీ అదే నియోజకవర్గంలో ఓటర్లయి ఉండాలి. ఈ నిబంధన వెనక మన జిల్లా కథ కూడా ఉంది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మన పల్లెల గోడు దేశానికి వినిపించాలని, గెలుపు మీద ఆశ లేకుండానే సామాన్యులు వరుసకట్టి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంతైంది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడులోని మొడక్కురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. ఇటువంటివి చూశాకే పార్లమెంటు చట్టాన్ని సవరించి, అసెంబ్లీ డిపాజిట్టును 250 రూపాయల నుంచి 5,000కు పెంచి, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులను తప్పనిసరి చేసింది. ఇప్పుడా డిపాజిట్టు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతైనా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు.

ఈ పది సంతకాల దగ్గరే నా మిత్రుడొకడు దెబ్బతిన్నాడు. అది నీకు వివరంగా చెప్పాలి. 2009 ఎన్నికల్లో నిలబడటానికి అతను పంతులు ఉద్యోగానికి రాజీనామా చేశాడు. పిల్లలకు చదువు చెప్పిన ఊళ్లన్నీ అతని వెంట ఉన్నాయి. గెలిచేవాడో కాదో గానీ, గట్టి పోటీ ఇచ్చేవాడనడంలో నాకు సందేహం లేదు. పురోహితుడు చివరి రోజు మధ్యాహ్నం ముహూర్తం బాగుందన్నాడని అప్పటిదాకా ఆగాడు. నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల వరకు వేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటున్నా ఒక్క సెట్టే వేశాడు. నామినేషన్లు తీసుకునేది పదకొండు నుంచి మూడింటి వరకే కనుక, అతను బయటికి వచ్చేసరికి ఏదైనా తప్పు దొర్లినా దిద్దుకోవడానికి వేళ మిగల్లేదు. ప్రతిపాదకుల వివరాలు రాసినవాడు పాత ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని రాశాడు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత జరిగిన మొదటి ఎన్నిక అది. రామన్నపేట నియోజకవర్గమే లేకుండా పోయిన కాలమది. చాలా ఊళ్లు ఒక చోటి నుంచి మరో చోటికి మారాయి.

పత్రాల పరిశీలన రోజున, అభ్యర్థి రాతపూర్వకంగా అధికారమిచ్చిన వ్యక్తిగా నేను అతని పక్కన కూర్చున్నాను. ఒక ప్రతిపాదకుడి పార్టు నంబరు, అంటే ఓటర్ల జాబితాలో అతని పేరున్న భాగం సంఖ్య, దగ్గర ఎన్నిక నిర్వహించే రిటర్నింగ్ అధికారి ఆగి, జాబితా తిప్పి చూసి, ఆ పేరు ఇందులో లేదన్నాడు. ఆ పెద్దాయన ఓటు పక్క నియోజకవర్గంలోకి వెళ్లిపోయింది. చిన్న పొరపాట్లకు నామినేషన్ తోసిపుచ్చకూడదని చట్టంలో ఉందని నేను వాదించాను. అంకె తప్పు పడితే సరిచేయవచ్చు గానీ పది మంది ఉండాల్సిన చోట తొమ్మిది మందే ఉంటే అది చిన్న లోపం కాదని అధికారి అన్నాడు. ఆయన చెప్పిందే సరైనది. డిపాజిట్టు తిరిగి ఇచ్చేశారు, ఉద్యోగాన్ని ఎవరు తిరిగి ఇస్తారు? అంతకన్నా నన్ను బాధపెట్టింది ఆ పెద్దాయన పరిస్థితి. గొర్రెలు కాచుకుని బతికే మనిషి, తన సంతకం వల్లే పంతులు నామినేషన్ పోయిందని నమ్మి, ఎవరు ఎంత చెప్పినా వినకుండా, ఆ తర్వాత ఏ సభకూ రాలేదు. నిన్ను నమ్మి ముందుకొచ్చిన మనిషికి ఆ అవమానం నీ వల్ల రాకూడదు తల్లీ.

కాబట్టి తాజా ఓటర్ల జాబితా తెచ్చుకుని పది పేర్లూ నువ్వే స్వయంగా చూడు, కుర్రవాళ్లకు అప్పగించకు. సవరణ జరిగినప్పుడల్లా వరుస సంఖ్యలు మారుతుంటాయి. వేలిముద్ర వేసేవాళ్లుంటే ఆ ముద్ర రిటర్నింగ్ అధికారి ముందో, ఎన్నికల సంఘం నిర్దేశించిన అధికారి ముందో పడాలి. ఇంటి అరుగు మీద వేయించుకొస్తే చెల్లదు. రెండో సెట్టుకు వేరే పది మందిని చూసుకో. నామినేషన్ మొదటి రోజో రెండో రోజో వెయ్యి. రాహుకాలం తప్పించుకుంటానంటే నేను కాదనను, చివరి రోజు దాకా మాత్రం ఆగవద్దు.

నామినేషన్‌తో పాటు ఆస్తులు, కేసుల వివరాలు ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకు. లేనిచోట "లేదు" అని రాయాలి. ఖాళీలు వదిలితే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఆస్తుల వివరాలు దాచారన్న కారణంతో 2018 నాటి కొత్తగూడెం ఎన్నిక చెల్లదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చినా, కోర్టుల చుట్టూ తిరగడం తప్పలేదు. మీ నాన్న పేరు మీద నుంచి నీకు వచ్చిన అర ఎకరం కూడా రాయాలి.

ఖర్చు సంగతి వచ్చేసరికి నా చెయ్యి వణుకుతోంది. వ్యయ పరిమితి 40 లక్షలని విని, అంత పెట్టాలేమోనని అనుకోకు. మీ అమ్మ పేరున ఉన్న రెండెకరాలు అమ్ముతానని గానీ, తాకట్టు పెడతానని గానీ అంటే ఈ మామయ్య నీతో మాట్లాడడు. చందాలు అడుగు, సైకిలు మీద తిరుగు, గోడ మీద నువ్వే రాయి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకని వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి పైసా అందులోంచే నడిపించు. ఓడినా సరే, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి అందజేయాలి. అలసిపోయి దాన్ని వదిలేసినవారిపై మూడేళ్ల అనర్హత వేటు పడగలదు.

మునుగోడులో పోలింగ్ కేంద్రాలు దాదాపు 300. అన్నిచోట్లా ఏజెంట్లను పెట్టలేకపోవచ్చు. పెట్టిన చోట మాత్రం తెల్లవారకముందే మాక్ పోల్‌కు, అంటే యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగుకు, చేరుకునేవాళ్లను, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి ప్రతి చేతికి వచ్చేదాకా కదలనివాళ్లను పెట్టు. ఒక్క కేంద్రంలో లెక్క తప్పినా ఫలితం మారిపోవచ్చు: 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం 25 ఓట్ల తేడాతో, 2018లో ఆసిఫాబాద్ ఫలితం 171 ఓట్ల తేడాతో తేలాయి.

ఇంకొక సంగతి రాయడానికి మనసు రావడం లేదు, అయినా రాయాలి. ఆడపిల్ల నిలబడితే ఫోన్లలో ఏవేవో పంపుతారు. వాటిని నువ్వు చదవవద్దు. వచ్చినవి చెరపకుండా నాకు పంపు, ఫిర్యాదు రాసే పని నాది. రాత్రి ప్రచారం ముగిశాక ఒంటరిగా బండి మీద రావద్దు. ఇది పెద్దవాడి చాదస్తమని అనుకున్నా సరే.

నా ఓటు నల్గొండ టౌనులో ఉంది కనుక నేను నీకు ప్రతిపాదకుణ్ని కాలేను. ఇన్నేళ్లలో ఆ ఓటు ఊరికి మార్చుకోవాలన్న ఆలోచనే రాలేదు, ఇప్పుడు వస్తోంది. మొదటి సంతకం మీ అమ్మ చేత చేయించు. ఆమె భయపడుతుంది గానీ కాదనదు. ఆమె పేరు జాబితాలో పుట్టింటి ఇంటిపేరుతో ఉందో, అత్తింటి ఇంటిపేరుతో ఉందో, ఏ పార్టులో ఏ వరుసలో ఉందో చూసి, మిగిలిన తొమ్మిది మంది వివరాలతో కలిపి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెద్ద మామయ్య