తమ్ముడు కాంగో శాంతి దళానికి వెళ్తున్నాడు, అమ్మ ఒకటే ఏడుపు. అక్కడ నిజంగా ఏం చేస్తారు?

చెల్లెమ్మా, నేను ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. మాది విశాఖలో గోపాలపట్నం. 2012లో ఏడాది పాటు తూర్పు కాంగోలోని గోమాలో, మన సైన్యం నడిపిన యూఎన్ ఆసుపత్రిలో పనిచేశాను.

అమ్మగారి భయం కొట్టిపారేయాల్సింది కాదు. 2022 జులైలో తూర్పు కాంగోలోనే బుటెంబో అనే ఊళ్లో మన బీఎస్ఎఫ్ జవాన్లు ఇద్దరు చనిపోయారు. గోమా కూడా 2025 జనవరిలో మళ్లీ ఎం23 తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. తమ్ముడి పోస్టింగ్ ఏ ఊరికో ముందు కనుక్కోండి.

పని ఎక్కువగా గస్తీ, శిబిరాల దగ్గర కాపలా, వైద్యం. 1950లో కొరియా యుద్ధానికి మన దేశం పంపింది కూడా వైద్య దళాన్నే. అలాగని ప్రాణాపాయం లేదని కాదు. 1961లో కాంగోలోనే కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా నేలకొరిగారు, పరమవీర చక్ర ఇచ్చారు.

నేను మరిచిపోలేనిది మాత్రం వేరే. గోమా లావా రాయి మీద కట్టిన ఊరు. గోడలు, దారి, చివరికి బూట్ల మీది దుమ్ము కూడా నలుపే. 2012 నవంబర్ 20న ఎం23 ఆ ఊళ్లోకి వచ్చేసింది. తర్వాత రెండు రోజులకి నేను ఒక కుర్రాడి కాలికి కట్టు కడుతున్నాను. వార్డు తుడిచే స్థానికుడు ఒకాయన కర్ర పక్కన పెట్టి, "మీ దగ్గర తుపాకులున్నాయి కదా, వాళ్లెలా వచ్చారు?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అడిగాడు. నేను తల దించుకుని కట్టు కడుతూనే ఉన్నాను.

కారణం ఇప్పుడైతే చెప్పగలను. మన దళం వెళ్లింది కాంగో సైన్యానికి తోడుగా. ఆ సైన్యమే వెనక్కి తగ్గాక ఊరు నిలబడలేదు. ఎదురెళ్లి దాడి చేసే బ్రిగేడ్‌కి భద్రతా మండలి అనుమతి ఇచ్చింది ఆ మరుసటి మార్చిలో. అందులో దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులు ఉన్నారు, మనవాళ్లు లేరు. ఇదంతా తెలిసినా ఆయన ప్రశ్న బరువు తగ్గలేదు.

తూర్పు కాంగోలో రాత్రి 8 అయితే మనకి 11:30. ఆ వేళకి ఫోన్ వస్తే అమ్మని లేపండి. "తిన్నావా" దగ్గరే ఆపకుండా, ఈరోజు ఏం చూశావని కూడా అడగండి. మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ వార్డు మాట మా ఆవిడకి చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది.