యాప్‌లో కనిపించే ఏక్యూఐ మా గల్లీదే అనుకోవచ్చా?

మియాపూర్‌లో ఉంటున్నానని, యాప్‌లో ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చెప్పే సూచిక) 90 చూపిస్తోందని, పక్క ఖాళీ జాగాలో రోజూ చెత్త కాలుస్తుంటే మా గాలి కూడా 90యేనా అని, ధూళి కొలిచే చిన్న మీటర్ కొంటే తేలుతుందా అని అడిగారు. ఆ 90 మీ గల్లీది కాదండి. మీటర్ కొంటే తేలుతుంది, కానీ ఒక్కటి కొంటే తేలదు. ఎందుకో నా అనుభవంలోంచి చెబుతాను.

ముందు ఆ 90 సంగతి. మీకు దగ్గర్లోని ప్రభుత్వ స్టేషన్లు సెంట్రల్ యూనివర్సిటీ, సనత్‌నగర్ లాంటి చోట్ల ఉన్నాయి. అక్కడి అంకెలతో యాప్ మీ ఏరియాకి ఒక అంచనా వేస్తుంది. పైగా మన ఏక్యూఐలో ధూళికి తీసుకునేది 24 గంటల సగటు. కొన్ని యాప్‌లు అమెరికా లెక్కలో చూపిస్తాయి. పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములుంటే మన లెక్కలో ఏక్యూఐ 100, వాళ్ల లెక్కలో 150 పైనే. గాలి అదే, యాప్ మారితే భయం మారుతుంది. అందుకే ఏక్యూఐ వదిలేసి మైక్రోగ్రాములే చూడండి.

నేను మూసాపేటలో ఉంటాను. లేజర్ సెన్సర్ ఉన్న చిన్న మీటర్ మొదటిది కొనగానే బాల్కనీలో పెట్టాను. సాయంత్రం ఏడున్నరకి 240 మైక్రోగ్రాములు చూపించింది. నగరం నాశనమైపోయిందని ఫోన్‌లో స్నేహితుడికి చెబుతుంటే, లోపల్నుంచి మా ఆవిడ "బజ్జీలు వేస్తున్నా, అది కూడా చెప్పండి" అంది. మీటర్‌ని మేడ మీదికి మార్చాను.

తర్వాత ఇంకో రెండు కొన్నాను. అదృష్టం కొద్దీ, వేర్వేరు చోట్ల పెట్టే ముందు మూడింటినీ వారం రోజులు ఒకే పిట్టగోడ మీద పక్కపక్కన ఉంచాను. రెండు 50 అంటుంటే మూడోది 60 అంటోంది. అదే గాలి! చూసుకోకుండా ఆ మూడోదాన్ని మెయిన్ రోడ్డు మీద పెట్టి ఉంటే, రోడ్డు మీద కాలుష్యం ఇరవై శాతం ఎక్కువని కనిపెట్టేసేవాణ్ణి. ఇప్పుడు దాని అంకెల్ని 0.83తో గుణిస్తాను. రెండు మూడు నెలలకోసారి మూడింటినీ మళ్లీ ఒకచోట చేర్చి చూస్తాను, ఎందుకంటే లోపల దుమ్ము పట్టి లెక్క మారుతుంది.

ఇంకో రెండు విషయాల్లో మోసపోయాను. మొదటిది తేమ. డిసెంబరులో పొగమంచు పట్టిన పొద్దున మీటర్లు స్టేషన్ కంటే రెట్టింపు చూపించేవి. తేమ 80 శాతం దాటితే ధూళి కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. మన మీటర్ లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి లెక్క కడుతుంది కాబట్టి ఉబ్బిన కణం దానికి ఎక్కువ ధూళిలా కనిపిస్తుంది. స్టేషన్లలో మామూలుగా వాడే బీటా యంత్రం గాలిని కాస్త వేడి చేసి ఆరబెట్టి, టేపు మీద పట్టిన ధూళి బీటా కిరణాల్ని ఎంత అడ్డుకుందో చూస్తుంది. రెండోది ముతక దుమ్ము. రోడ్డు ఊడుస్తుంటే కళ్లల్లో ఇసుక పడ్డట్టుండేది, మీటర్ మాత్రం పెద్దగా కదిలేది కాదు. ఈ రకం సెన్సర్లకి పెద్ద రేణువులు సరిగ్గా అందవు. దాంట్లో పీఎం 10 (ముతక రేణువులు కూడా కలిసిన ధూళి) అని కనిపించే అంకెని నేను నమ్మను.

ఇక అసలు విషయం. ఒక శీతాకాలమంతా ఒకటి మా మేడ మీద, ఒకటి మెయిన్ రోడ్డులో తెలిసినవాళ్ల మెడికల్ షాపు పైన, ఒకటి పటాన్‌చెరు వైపు మా బావమరిది ఇంట్లో నడిచాయి. నేను ఆశించింది మూడు వేర్వేరు కథలు. వచ్చింది దాదాపు ఒకటే గీత. రాత్రి తొమ్మిది దాటాక మూడూ కలిసి పైకి, పొద్దెక్కాక కలిసి కిందికి. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి పైగాలితో కలవదు, ఉన్న ధూళి అంతా పల్చటి పొరలో ఇరుక్కుంటుంది. ఎండ కాశాక ఆ పొర లేస్తుంది. పైగా పీఎం 2.5లో చాలా భాగం వాయువుల్లోంచి దారిలో తయారై వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చేదే. దానికి మియాపూర్, మూసాపేట తేడా ఏముంటుంది?

అందుకని ఒక మోటు లెక్క పెట్టుకున్నాను. ప్రతి గంటకీ మూడింట్లో అన్నిటికంటే తక్కువున్న అంకె అందరిదీ, దాని పైన ఉన్నది ఆ చోటిది. అలా చూస్తే మెడికల్ షాపు దగ్గర సాయంత్రాలు పదిహేను ఇరవై మైక్రోగ్రాములు ఎక్కువ. మా గల్లీలో దాదాపు ఏమీ లేదు, తెల్లవారుజాము ఆరు గంటలప్పుడు తప్ప. అప్పుడు ఇరవై ఐదు నిమిషాల పాటు ఏకంగా 300 దాటేది. వెనక ప్లాటులో చెత్త మంట, మీ ఇంటి పక్కన లాంటిదే. ఆ మంటంతా రోజు సగటులో కలిపితే పెరిగేది నాలుగైదు మైక్రోగ్రాములే! 24 గంటల సగటుకి మన దేశ ప్రమాణం 60, కాబట్టి కాగితం మీద అది కనిపించనే కనిపించదు. అదే టైముకి వాకింగ్‌కి వెళ్లే మా నాన్నగారి ఊపిరితిత్తులకి ఆ సగటుతో పనేముంది?

కాబట్టి మీరు రెండు మీటర్లు తీసుకోండి. వారం పక్కపక్కన పెట్టి తేడా రాసుకోండి. తర్వాత ఒకటి ప్లాటు వైపు, ఇంకోటి వంటింటికి దూరంగా ఇంటి అవతలి వైపు, రెండూ వాన తడవని చోట పెట్టండి. గంట సగటు కాకుండా రెండు నిమిషాలకోసారి అంకె సేవ్ అయ్యేలా చూడండి, లేకపోతే మంట కలిసిపోతుంది. గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకోండి. రెండు వారాల గ్రాఫ్ ఇక్కడ పెడితే చూసి చెబుతాను.