మాస్క్‌లోకి నీళ్లు రాకుండా...

ప్రశ్న: జనవరిలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్తున్నాం. సిమిలాన్ దీవులకు స్పీడ్‌బోట్‌లో ఒకరోజు ట్రిప్, స్నార్కెలింగ్ (మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ లోపల చూడటం) చేయాలని ఉంది. మా వారికి నడుం నొప్పి, నాకు ఈత అంతంతమాత్రం. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: జనవరి మంచి కాలమే. మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా సిమిలాన్ దీవులున్న జాతీయ పార్కును మూసేస్తారు. పడవలెక్కే తబ్ లము రేవు ఫుకెట్‌కు ఉత్తరాన, ఖావో లాక్ దగ్గర ఉంది, తెల్లవారుజామునే బయల్దేరాలి. అక్కణ్నుంచి సముద్రంలో సుమారు గంటన్నర. పడవ అలల మీద ఎగిరిపడినప్పుడు దెబ్బంతా ముందు సీట్లకే. మీ వారిని వెనక, ఇంజిన్ల వైపు కూర్చోబెట్టండి. నొప్పి బాగా ఉంటే డాక్టర్ని అడగందే ఎక్కొద్దు. గర్భిణులైతే అసలు వద్దు. వాంతుల మాత్ర ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి.

ఇక కళ్లూ ముక్కూ కప్పే మాస్క్. చాలామందికి ట్రిప్ పాడయ్యేది దీనివల్లే. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి పీల్చి బిగబట్టండి. చేయి వదిలినా జారకపోతే అది మీ సైజే. సిలికాన్ అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లొస్తాయి. మీసం ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. అప్పుడు పట్టీ బిగించేస్తారు. దాంతో అంచు వంకరపోయి మరింత కారుతుంది! అద్దం మసకబారకుండా లోపల చుక్క బేబీ షాంపూ రుద్ది, తేలిగ్గా కడగండి. ఊపిరి తీసుకునే గొట్టంలోకి నీళ్లొస్తే కంగారుపడి పీల్చొద్దు, నోటితో గట్టిగా ఒక్క ఊదు ఊదండి.

లైఫ్ జాకెట్ విప్పొద్దు. పగడాల మీద నిలబడొద్దు, అవి ప్రాణమున్నవి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను థాయ్ సముద్ర పార్కుల్లో 2021లోనే నిషేధించారు. పొడుగు చేతుల స్విమ్ టీషర్ట్ వేసుకోండి, ఎండకు మాడేది వీపే.